లైసెన్సు అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు

"ఎయిర్‌గనేగా, దానివల్ల ఏమవుతుంది?" గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తరచూ వినిపించే మాట ఇది. కోతుల్ని బెదిరించడానికని ఒకరు, జొన్నచేలో చిలకల్ని తోలడానికని ఇంకొకరు, పండక్కి వచ్చే పిల్లలు సరదాపడతారని మరొకరు కొంటున్నారు. తెచ్చాక మోటారు షెడ్డులో ఓ మూల ఆనించి పెడుతున్నారు. ఎవరైనా వారిస్తే, "ప్రభుత్వమే లైసెన్సు అడగలేదు, నీకెందుకు?" అంటారు. ఈ వాదన తప్పు. దీన్ని నమ్మితే ప్రాణాలు పోతాయి.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఆ 20 జౌళ్లతో అర గ్రాము సీసపు పెల్లెట్ సెకనుకు 280 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. కన్ను పోవడానికి అందులో చిన్న భాగం చాలు. 2022 మార్చిలో సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలంలోని ఓ ఫాంహౌస్‌లో ఎయిర్‌గన్ పేలి నాలుగేళ్ల పాప చనిపోయింది. ఆ ఇంట్లోనూ దాన్ని మనిషిని చంపే ఆయుధమని ఎవరూ అనుకుని ఉండరు.

మన నేల స్వభావం ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. తుళ్లూరు నుంచి పర్చూరు దాకా నల్లరేగడి చదునుగా పరుచుకుని ఉంటుంది. గురి తప్పిన పెల్లెట్‌ను ఆపడానికి వెనక కొండా లేదు, గట్టూ లేదు. చెట్టు మీది చిలకను గురిచూసి కొడితే పెల్లెట్ ఆకుల్లోంచి దూసుకెళ్లి ఎక్కడో పడుతుంది. ఆ ఎక్కడో ఎత్తుగా పెరిగిన పత్తిచేలో వంగి పత్తి తీస్తున్న కూలీలు ఉండొచ్చు. కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఉండొచ్చు. కాల్చేవాడికి వాళ్లు కనబడరు. గురికి వెనక ఏముందో తెలియకుండా ట్రిగ్గర్ నొక్కకూడదన్నది తుపాకీ పట్టే ప్రతివాడూ మొదట నేర్చుకోవాల్సిన పాఠం.

గొట్టం వంచి స్ప్రింగు బిగించే తుపాకుల్లో మరో చిక్కుంది. పెల్లెట్ పెట్టి గొట్టం మూశాక చాలా మోడళ్లలో ఆ బిగువును తేలిగ్గా దింపలేం. ఇసుక నింపిన పెట్టెలోకి కాల్చేయడమే మార్గం. కోతి మళ్లీ వస్తుందని అలాగే గోడకు ఆనిస్తే, తర్వాత ముట్టుకునేది ఇంట్లో పిల్లవాడే కావచ్చు. ఖాళీ తుపాకీని బీరువాలో తాళం వేసి, పెల్లెట్లు వేరేచోట దాచాలి. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. ఇవి పాటించలేనివాళ్లు దాన్ని కొనకూడదు.

పంట పోతుంటే ఈ నీతులేమిటని రైతు అడుగుతాడు. ఆ బాధ నిజం. కానీ ఒక చిలకను కొడితే గుంపు లేచి పక్క ఎకరంలో వాలుతుంది, కాసేపటికి తిరిగొస్తుంది. మంచె, డప్పు చప్పుడు, మెరిసే రిబ్బన్లు, వలలు దీనికంటే మేలు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత పక్షిని చంపడమే కాదు, గాయపరచడమూ, అందుకు ప్రయత్నించడమూ వేటే. గురి తప్పినా నేరం నేరమే. లైసెన్సు మినహాయింపు తుపాకీకే, వేటకు కాదు. గుంటూరు జిల్లా పెదకాకాని మండలం ఉప్పలపాడు వాళ్లు ఊరి చెరువులో గూడకొంగలకు చోటిచ్చి కాపాడుకుంటున్నారు. అదే జిల్లాలో సరదాకు కొంగను కొట్టడం మనకు సిగ్గుచేటు.

అలాగని ఎయిర్‌గన్‌ను పూర్తిగా నిషేధించమని నేననను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. షూటింగ్ రేంజిలో కాల్చనప్పుడు గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా రంగుదారం దూర్చి ఉంచాలి. తుపాకీ ఖాళీగా ఉందని చుట్టూ ఉన్నవాళ్లకు దూరం నుంచే తెలియాలి. ఆదేశం లేనిదే ఎవరూ పెల్లెట్ ఎక్కించరు. కాగితం మీద చుక్కను కొట్టడానికే, ఆరితేరినవాళ్లే ఇంత జాగ్రత్త పడుతుంటే, మనుషులూ పశువులూ తిరిగే పొలంలో మనకు ఏ జాగ్రత్తా వద్దంటే ఎలా?

కాబట్టి అమ్మే దుకాణదారు డబ్బు తీసుకునే ముందు గొట్టం ఎటు చూపాలో, వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు వెళ్లాలో కొనేవాడికి చూపించాలి. పిల్లల కోసమని అడిగేవాడికి అమ్మనని చెప్పాలి. కోతుల బెడదకు పంచాయతీ, అటవీశాఖ కలిసి దారి చూడాలి, రైతు చేతికి తుపాకీ వదిలేసి ఊరుకోకూడదు. కొన్నవాడు పెల్లెట్ ఎక్కడ పడినా దానికి బాధ్యత తనదేనని ఒప్పుకోవాలి. ప్రభుత్వం లైసెన్సు అడగలేదంటే ఆ భారమంతా అతని నమ్మకం మీదే పెట్టిందని అర్థం. ఆ నమ్మకం నిలబెట్టలేనివాడికి ఎయిర్‌గన్ పట్టే అర్హత లేదు.