రసీదు మనచేత, ఓటు పరులచేత

ఎథీరియము బ్లాక్‌చెయినునకు రాజు లేడు. 2022 సెప్టెంబరునుండి తమ ఈథరు నాణెములను పణముగా నొడ్డినవారే దాని పద్దులకు సాక్షులు. సాక్ష్యము సరియైనచో ప్రతిఫలము, కపటమైనచో పణములో కోత. స్వయముగా సాక్షి కాగోరువానికి కనీసము 32 ఈథరులు వలయును, అవి బంధింపబడియుండును.

సామాన్యునకంత సొమ్మెక్కడిది? 2020 డిసెంబరులో వెలసిన లిడో వంటి సంస్థలు స్వల్పమొత్తములను గూడ గైకొని పణమొడ్డి, బదులుగా స్టేక్డ్ ఈథరను రసీదు నాణెము నిచ్చుచున్నవి. దీనికే లిక్విడ్ స్టేకింగని పేరు. రసీదు నమ్మవచ్చును, కుదువబెట్టవచ్చును. ప్రతిఫలమును దానిపై చేరుచుండును. అందు పదియవవంతు లిడో కూలి. గిడ్డంగిలో ధాన్యముంచి రసీదుపై అప్పుదెచ్చు రైతునకిది వింతగాదు.

కాని రసీదు ధాన్యము గాదు. 2022 జూనులో జనులు భీతిల్లి అమ్మజూపగా దాని వెల ఈథరుకన్న నూటికి అయిదువంతులకు పైగా తగ్గెను. పణమును వెనుకకు దీసికొను దారి 2023 ఏప్రిలువరకు ఎథీరియములోనే లేదు!

అంతకన్న ఘనమైన సంగతి వేరొకటి కలదు. మొత్తము పణములో మూడవవంతుకు మించి ఒకచో జేరి మొరాయించినచో పద్దులు ఖాయపడవు. లిడో యొకప్పుడా యెల్లను సమీపించెను. తనకు తానే పరిమితి విధించుకొమ్మను ప్రతిపాదనను 2022లో దాని ఓటుదారులు త్రోసిపుచ్చిరి. ఎవరా ఓటుదారులు? ఈథరు నిచ్చినవారు గారు. ఎల్‌డీఓ యను వేరొక నాణెము గలవారు. సొమ్మొకరిది, సోకొకరిది! 2025లో గాని రసీదుదారులకు నిర్ణయముల నడ్డగించి తమ సొమ్ముతో తొలగిపోవు హక్కు లభింపలేదు. అడ్డగించు హక్కు స్వపరిపాలనము గాదు. పాలనలో ఓటునే వారు కోరవలయును. అది దొరకువరకు తమ నాణెముల నొక్కచోటనే పోగుచేయక పలుసంస్థలకు పంచవలయును.