కట్టను తవ్వి ఎలుకను కాచారు

కొండను తవ్వి ఎలుకను పట్టాడని ఒకడిని చూసి నవ్వుతాము. కట్టను తవ్వి ఎలుకను బతికించేవారు కూడా ఉన్నారని మొన్న మా అక్కయ్య ఫోనులో చెబితే తెలిసింది. ఆవిడ కాపురం అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఉన్న ఫ్రీమాంట్‌లో. మన తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. ఇంటి పన్ను కాగితంలో 12 డాలర్ల పద్దు ఒకటి చదివి, "అఖాతం బాగుకోసమట. అందులో ఎలుకలకు కూడా వాటా ఉందట. ఎలుకకు పన్నేమిటిరా!" అంది.

ఆ ఎలుక బొటనవేలంత ఉంటుంది. బరువు 10 గ్రాములకు అటూ ఇటూ. ఆ అఖాతం చుట్టూ ఉన్న ఉప్పు చిత్తడి నేలల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అక్కడ రసం నిండిన కాడల ఉప్పుమొక్క ఒకటి దట్టంగా పెరుగుతుంది. అదే దానికి ఇల్లూ, తిండీ. ఉప్పునీరు తాగి బతకగలదు. ఈత వచ్చు. పోటు వస్తే మొక్కల కొసలకు ఎగబాకుతుంది.

ఇన్ని విద్యలు నేర్చిన ప్రాణిని మనిషి ఓడించాడు. 1850 తరువాత కట్టలు పోసి, పోటునీటిని ఆపి, మన నౌపడాలో వలె ఉప్పుమళ్లు చేశారు. తక్కిన చోట్ల పూడ్చి ఊళ్లు కట్టారు. పాత చిత్తడి నేలల్లో నూటికి 80 పాళ్లకు పైగా పోయాయి. 1970లో ఆ ఎలుక అంతరించిపోయే ప్రాణుల జాబితాకెక్కింది.

2003లో ప్రభుత్వాలూ, దాతృసంస్థలూ కలిసి 15,100 ఎకరాల ఉప్పుమళ్లు కొన్నాయి. 2006లో కట్టలకు గండ్లు కొట్టడం మొదలుపెట్టారు. గండి అంటే మనకు గుండె ఝల్లుమంటుంది. అక్కడ మాత్రం గండిలోంచి వచ్చే పోటునీరు బురదను మోసుకువచ్చి ఏళ్ల తరబడి పేరుస్తుంది. నేల తగినంత లేచాక మొక్క మొలుస్తుంది. మొక్క వెనకాలే ఎలుక.

అయితే గండి కొట్టి చేతులు దులుపుకుంటే చాలదు. పెద్ద పోటు వచ్చినప్పుడు ఎలుక ఎక్కడికి పోవాలి? మెరక లేకపోతే మునుగుతుంది, లేదా కొంగల పాలవుతుంది. వెనక్కి పోదామంటే కట్ట, కట్ట వెనుక ఇళ్లు. అందుకని ఏటవాలుగా మట్టి పోసి మెరకలు చేస్తున్నారు. సముద్రమట్టం పెరుగుతున్న ఈ రోజుల్లో ఇదొక పందెం. బురద ముందు పేరుతుందా, నీరు ముందు లేస్తుందా?

ఆ పందెం కోసమే 2016లో అఖాతం చుట్టూ ఉన్న 9 కౌంటీల ప్రజలు ఓటు వేసి, ఒక్కొక్క స్థలానికి ఏడాదికి 12 డాలర్ల చొప్పున 20 ఏళ్లు ఇస్తామని ఒప్పుకున్నారు.

"అక్కయ్యా, అలల ఉరవడిని మీ ఊరి కట్టదాకా రాకుండా విరిచేది ఆ చిత్తడి నేలే. నీ 12 డాలర్లలో ఎలుక వాటా కన్నా నీ ఇంటి వాటాయే ఎక్కువ" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "సరేలే. వినాయకుడి వాహనం కదా, కుడుముల ఖర్చనుకుంటాను" అంది.