రెంటికీ చెడ్డ ఈగ

పేరుకే ఈగ. ఏ ఈగ పోలికా దీనికి లేదు. గాలం ముల్లు మీద పట్టుదారం, వెండి తీగ, నెమలీక పోగులు, టూకన్ పిట్ట రొమ్ము మీది పసుపు ఈకలు, ఆ పైన గోల్డెన్ ఫెజంట్ తలకుచ్చు. పంతొమ్మిదో శతాబ్దిలో స్కాట్లండ్, ఐర్లండ్ నదుల్లో సాల్మన్ కోసం వేసిన ఎర ఇది. చేపలు పట్టేవాళ్లనడిగితే ‘అంత సోకెందుకు, నాలుగు వెంట్రుకలు చుట్టినది చాలు’ అంటారు. కళ తెలిసినవాళ్లనడిగితే ‘గాలాల సంగతి మాకెందుకు’ అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది పాపం.

సోకు చేపకు అక్కర్లేదన్నది నిజమే. మన పులసలాగే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురెక్కుతుంది. మంచినీళ్లలోకి వచ్చాక మేత ముట్టదు. ఆకలి లేని చేప ఎరను ఎందుకు అందుకుంటుందో నేటికీ తేలలేదు. అలాంటి చేప కోసం ‘జాక్ స్కాట్’ అనే ఒక్క ఈగలో డజనుకు పైగా పక్షుల ఈకలు పొదిగారు! (ఆ పేరు దొరది కాదు, వేటలో దొర వెంట ఉండే పనివాడిది. ఆ మాత్రం న్యాయం జరిగింది.) దాని చెంపలకు పెట్టే, లక్క చుక్క వేసినట్టు మెరిసే ఈక మన దక్షిణాది అడవికోడి మెడలోది. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

జార్జ్ కెల్సన్ 1895లో ఈ ఈగల మీద లావుపాటి గ్రంథం రాశాడు, పేరు నిలిచింది. కట్టిన చేతుల మాటో? స్కాట్లండ్ ఉత్తరాన, సముద్రపు ఒడ్డున, చాలాకాలం కరెంటు లేని కుటీరంలో మేగన్ బాయ్డ్ దశాబ్దాల పాటు ఈగలు కట్టింది, చూపు మందగించేదాకా. తాను మాత్రం ఏనాడూ గాలం వెయ్యలేదు. 1971లో ప్రభుత్వం పతకం ప్రకటిస్తే, కుక్కను చూసుకునేవాళ్లు లేరని రాణిగారి మందిరానికే వెళ్లలేదు. ఆ వేళ్ల పనితనాన్ని ఏ చిత్రకారుడి కుంచె పక్కన పెట్టి మాట్లాడారు?

పైగా 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం నుంచి ఈకలతో ఉన్న 299 పక్షి చర్మాలు చోరీ అయ్యాయి. దొంగ ఈగలు కట్టేవాడే. కొన్నవాళ్లలోనూ ఆ పని చేసేవాళ్లున్నారు, కాదనను. కానీ అప్పటినుంచి ఈ కళ పేరెత్తితే చాలు, జనానికి దొంగతనమే గుర్తొస్తోంది. రంగు అద్దిన బాతు ఈకతో, కోడి ఈకతో నిజాయితీగా కట్టుకునేవాళ్లకూ ఆ మచ్చ అంటింది.

ఎప్పుడైనా, ఎక్కడైనా అద్దాల చట్రంలో ఇలాంటి ఈగ కనిపిస్తే ధర తర్వాత అడుగుదురుగాని. ముందు కట్టిందెవరో అడగండి.