ఒక్కసారే పూసే తాటిచెట్టు

దాదాపు 60 అడుగుల ఎత్తు. ఒక్కో ఆకు 16 అడుగుల వెడల్పు. ఉపగ్రహం తీసిన చిత్రాల్లోనూ ఆనవాలు పట్టేయొచ్చు. అంత చెట్టుకి 2008 దాకా శాస్త్ర ప్రపంచంలో పేరే లేదంటే నమ్మగలరా!

మడగాస్కర్ వాయవ్య ప్రాంతంలో ఏడాదిలో సగానికిపైగా చినుకు పడదు. అక్కడి చెట్లు ఎండలకు ఆకులు రాల్చేస్తాయి. ఆ ప్రాంతంలో జీడిమామిడి తోట చూసుకునే ఫ్రాన్స్ దేశస్థుడు గ్జేవియర్ మెట్జ్, కుటుంబంతో కలిసి నడిచి వెళ్తూ ఓ సున్నపురాయి గుట్ట దగ్గర ఈ తాటిచెట్టుని చూశాడు. దాని ఫొటోలు లండన్‌లోని క్యూ గార్డెన్స్ శాస్త్రవేత్త జాన్ డ్రాన్స్‌ఫీల్డ్ కంటపడ్డాయి. తాటి జాతుల్ని దశాబ్దాలుగా పరిశోధిస్తున్న ఆయన కూడా అలాంటిదాన్ని ఎన్నడూ చూడలేదు.

అయితే ఫొటో చూసి పేరు పెట్టేస్తే కుదరదు. ఆకులూ పూలూ సేకరించి, ఆరబెట్టి, భద్రపరచాలి. తెలిసిన మొక్కలతో పోల్చి తేడాలన్నీ రాసి ప్రచురించాలి. అప్పట్లో ఆ వర్ణన లాటిన్‌లోనే ఉండాలి. ఇంగ్లిషులోనూ రాయొచ్చన్న వెసులుబాటు 2012లోగానీ రాలేదు.

చిక్కేమిటంటే, ఈ చెట్టు జీవితంలో ఒక్కసారే పూస్తుంది! మన శ్రీతాళంలాగే, ఏళ్ల తరబడి దాచుకున్న శక్తినంతా చిటారున వచ్చే పూలగుత్తికి ధారపోసి, కాయలు పండాక కూలిపోతుంది. అదృష్టంకొద్దీ అక్కడ ఓ చెట్టు పూతకొచ్చింది. మడగాస్కర్ పరిశోధకుడు మిజోరో రకోటోఆరినివో వెళ్లి నమూనాలు సేకరించాడు. డీఎన్ఏ పరీక్షిస్తే దాని దగ్గరి చుట్టాలు అరేబియా, థాయ్‌లాండ్, చైనాల్లో ఉన్నాయని తేలింది. అంటే అది కొత్త జాతి మాత్రమే కాదు, ఏకంగా కొత్త ప్రజాతి!

అలా దానికి 'తహినా స్పెక్టబిలిస్' అన్న పేరొచ్చింది. తహినా అన్నది మెట్జ్ కూతురి పేరులోని మాట. స్థానిక మలగాసీ భాషలో 'దీవెన పొందినది', 'కాపాడుకోవాల్సినది' అని అర్థం.

ఆ పేరు ఊరికే పోలేదు. అప్పటికి లెక్కతేలిన చెట్లు వందలోపే. ఓపక్క కార్చిచ్చు, మరోపక్క పశువుల బెడద. పేరు పెట్టాక వాటి సంరక్షణకు ఊరివాళ్లే కమిటీగా ఏర్పడ్డారు. విత్తనాలు దేశదేశాల ఉద్యానవనాలకు వెళ్లాయి. అమ్మగా వచ్చిన డబ్బు ఊరి అవసరాలకు అందింది. ఎవరికీ తెలియని చెట్టు కూలిపోతే అడిగేవాళ్లుండరు. తహినాకి ఇప్పుడు ఆ భయం కొంత తీరింది.