యాభై వేల చీపురు

ఇల్లు ఊడవడానికి యాభై వేలు పోసి యంత్రం కొనాలా అని మా బామ్మల కాలంలో ఎవరైనా అడిగివుంటే, ముందు వాళ్ళకి దిష్టి తీసి ఆ తరవాత జవాబు చెప్పేవారు. ఇప్పుడలా కాదు. ఆనందపురంలో హైవేకి అటూ ఇటూ లేచిన కొత్త అపార్టుమెంట్లలో పేరంటానికి వెళ్ళినా, వ్రతానికి వెళ్ళినా, తాంబూలం చేతికొచ్చేలోగా ఈ ప్రస్తావన రాక మానదు. "మావాడు అమెరికా నుంచి డబ్బు పంపిస్తానంటున్నాడు వదినగారూ, నిలబెట్టి తోసే ఆ వాక్యూమ్ క్లీనరు కొనుక్కోమంటున్నాడు" అని ఒకరంటారు. "కొనేయండి, పనిమనిషి పేచీ వదులుతుంది" అని ఇంకొకరు ఎగదోస్తారు.

కొనవద్దని నేనంటాను. పిసినారితనంతో అంటున్న మాట కాదు సుమండీ! ఆ యంత్రం మంచిదే. మన ఇంటికి తగినది కాదు, అంతే.

దాని పుట్టుక చూడండి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కాంటన్ అనే ఊళ్ళో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అని ఒకాయన పెద్ద దుకాణంలో ఊడ్చే ఉద్యోగం చేసేవాడు. ఆయనకి ఉబ్బసం. తివాచీలు ఊడుస్తుంటే లేచే దుమ్ముకి ఊపిరాడక, 1907లో ఒక ఫ్యాను మోటారు, ఒక చీపురుకర్ర, ఒక దిండు గలీబు కలిపి ఏదో బిగించుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. తోలు వ్యాపారం చేసే హూవర్ అనే ఆయన ఆ హక్కులు కొనుక్కుని ప్రపంచమంతా అమ్మాడు. అంటే ఇది తివాచీల బాధలోంచి పుట్టిన వస్తువన్నమాట. ఇప్పటికీ దాని అడుగున బ్రష్షు చుట్టిన రోలరు ఒకటి గిర్రున తిరుగుతూ, కార్పెట్టు పోగుల్లో దూరిన మట్టిని దులిపి పైకి లేపుతుంది. గాలి దాన్ని లోపలికి లాక్కుంటుంది. గోడ నుంచి గోడ దాకా కార్పెట్టు అతికించుకునే చలిదేశాల్లో అది లేకపోతే నిజంగానే గడవదు. పిల్లల దగ్గరికి వెళ్ళి ఆర్నెల్లు ఉండొచ్చిన అత్తగార్లందరికీ ఆ సంగతి తెలుసు.

మరి మన ఇళ్ళల్లో ఏముంది? పాత ఇళ్ళల్లో నాపరాళ్ళు, మొజాయిక్కు. కొత్త ఇళ్ళల్లో టైల్సు, గ్రానైటు. అద్దంలాంటి నేలమీద దులపడానికి పోగులెక్కడున్నాయి? ఆ రోలరు ఆపే మీట లేని యంత్రమైతే, పీల్చాల్సిన ఇసుకని గది ఆ మూలకి చిమ్మినా చిమ్ముతుంది. నున్నటి నేలకని మెత్తటి రోలరు విడిగా అమ్మేవాళ్ళూ ఉన్నారు. అంటే, కార్పెట్టు కోసం తయారైనదాన్ని కొని, కార్పెట్టు లేని నేలకి సరిపెట్టడానికి మళ్ళీ డబ్బు పొయ్యాలి!

పోనీ మంచం కింద దూరుతుందా? మన మంచాలూ దివానులూ నేలకి జానెడు ఎత్తున ఉంటాయి. కింద మడతమంచం, ఆవకాయ జాడీ, పాత ట్రంకుపెట్టె. ఆరేడు కిలోల బరువుతో నిటారుగా నిలబడే ఆ మహాశయుడు అక్కడ నడుం వంచడు. వంచాల్సింది మళ్ళీ మనమే. ఇక అబ్బాయి అమెరికాలో కొని సామానులో పడేసుకుని వస్తానంటే వెంటనే వద్దనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ప్లగ్గులో పెడితే మొదటిరోజే దానికి తద్దినం పెట్టాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మన విశాఖ దుమ్ము. 1933 నుంచి ఓడలొచ్చే రేవు మనది. బొగ్గూ, ఇనుప ఖనిజమూ దిగే ఊరు. ఒకపక్క ఉక్కు ఫ్యాక్టరీ. ఆనందపురం వాళ్ళకైతే అనకాపల్లి వైపు వెళ్ళే ఆరు వరసల రోడ్డుమీద రాత్రింబవళ్ళు లారీలు. దీనికితోడు సముద్రపు తేమ. పొడిగా ఉంటే ఎగిరిపోయే దుమ్ము ఇక్కడ తడికి నేలనంటుకు కూర్చుంటుంది. యంత్రం పైపైన పీల్చినా, అరికాలికి గరగర పోవాలంటే తడిగుడ్డ పెట్టక తప్పదు. యంత్రం బయటికి తీసి, తీగ విప్పి, తోసి, డబ్బా దులిపి, ఫిల్టరు కడిగి, ఆ తరవాత మళ్ళీ తడిగుడ్డ! పని తగ్గిందంటారా, పెరిగిందంటారా?

పెరుగుతుందనే రూత్ శ్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకమే రాసింది. దాని పేరుకి అర్థం 'అమ్మకి ఇంకా పని' అని. అమెరికాలో యంత్రాలొచ్చాక చాకిరీ బరువు తగ్గినా, ఇల్లాలి గంటలు తగ్గలేదని ఆవిడ వాదన. ఎందుకంటే, ఏడాదికోసారి దులిపే తివాచీ వారానికోసారి శుభ్రం కావాల్సి వచ్చింది. అదివరకు తివాచీలు మోసుకెళ్ళి పెరట్లో దులిపిన మొగుడూ పిల్లలూ, యంత్రముంది కదా అని తప్పుకున్నారు. మన దేశం లెక్కా చూడండి. 2019లో ప్రభుత్వం జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారని తేలింది. చేసే మగవాళ్ళకి 97 నిమిషాలు. అదీ, నూటికి 26 మంది మగవాళ్ళే ఆ పని ముట్టుకున్నారు. ఈ తేడాని ఏ మోటారు పీల్చగలదు?

"పనిమనిషి వంగలేక వంగి ఊడుస్తుంటే నీకు జాలి లేదా?" అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. ఆవిడ నడుం వంగడానికి కారణం మనం చేతికిచ్చే పొట్టి చీపురు. పొడుగు కర్ర చీపురూ, నిలబడి తుడిచే తడిబట్ట కర్రా కొనడానికి కొన్ని వందలు చాలు. ఆ యాభై వేలని ఇంకోలా లెక్కేయండి. ఆవిడ జీతం నెలకి ఐదువందలు పెంచితే, ఆ సొమ్ము వంద నెలలొస్తుంది. అంటే ఎనిమిదేళ్ళ పైచిలుకు! అన్నాళ్ళు ఆ యంత్రం బతుకుతుందో లేదో గాని, ఆవిడ పిల్లల చదువు ఒక దరికి చేరుతుంది. నెలకి వంద పెంచమంటే వారంరోజులు మాటలు మానేసే మనం, సేల్స్ అబ్బాయి మన పరుపు మీద నల్లగుడ్డ పెట్టి దుమ్ము చూపించగానే సిగ్గుపడి వేలకి వేలు సంతకం పెట్టేస్తాం. పరుపులో దుమ్ము ఎవరింట్లో లేదండీ? ఆ సిగ్గుమీదే వాళ్ళ వ్యాపారం.

చీపురు కూడా చిన్నచూపు చూడాల్సిన వస్తువేం కాదు. మన ఏజెన్సీ కొండల మీద గిరిజనులు కోసి కట్టే కొండచీపురు ఎంతమందికో కూడు పెడుతోంది. 1956లో ఏర్పడి, విశాఖలోనే పెద్ద ఆఫీసున్న గిరిజన సహకార సంస్థ వాళ్ళ దగ్గర కొనే అటవీ సరుకుల్లో అదీ ఒకటి.

అయితే ఒక్క ఇంటికి మినహాయింపు ఇస్తాను. ఉబ్బసంతో అల్లాడే బిడ్డో, పెద్దో ఉన్న ఇంట్లో పొడి చీపురుతో దుమ్ము లేపడం మంచిది కాదు. అక్కడ పరుపులకీ, సోఫాలకీ యంత్రం ఉపయోగమే. కాని దానికి నేలమీద బొంగరంలా వెనకాలే దొర్లివచ్చే చిన్నరకం చాలు. ఇంచుమించు పదిపదిహేను వేలలో దొరుకుతుంది. దానికి హెపా ఫిల్టరుండాలి. అది లేని యంత్రం ముందునించి పీల్చిన సన్నటి ధూళిని వెనకనించి మన మొహానే ఊదుతుంది. డబ్బా దులిపేది మాత్రం ఆ రోగి కాకూడదు.

మిగతా ఇళ్ళకి నా సలహా ఇదే. అబ్బాయిని డబ్బు పంపమనండి, పనిమనిషి జీతం పెంచండి. అప్పటికీ మనసాగకపోతే, సంతకం పెట్టేముందు ఆ సేల్స్ అబ్బాయిని పరుపు జోలికి పోనివ్వకుండా నేరుగా పడగ్గదిలోకి తీసుకెళ్ళి, "నాయనా, ఆ మంచం కింద, ఆవకాయ జాడీ వెనకాల ఊడ్చి చూపించు" అనండి. ఆ తరవాత మీవారిని పిలిచి, "రేపటినించి దీన్ని తోసేది మీరేనా?" అని కూడా అడగండి. ఇద్దరూ అవునంటే నిక్షేపంలా కొనుక్కోండి.