రైలు విడిచిన దారి



రైలు శాశ్వతంగా ఆగిపోయిన తరువాత దాని దారి ఏమవుతుంది? పట్టాలను ఊడదీసి అమ్మివేయవచ్చు. స్టేషను తలుపులకు తాళం వేయవచ్చు. కానీ కొండను తొలిచి, పల్లాన్ని పూడ్చి, ఏటిపై వంతెన కట్టి ఒక తరం వారు సిద్ధం చేసిన ఆ నేల మాట ఏమిటి? బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు సమాధానాన్ని ఎందరో సైకిలు మీద తిరుగుతూ చూస్తున్నారు. రైళ్ళు మానుకున్న మార్గాల వెంట సైకిలు తొక్కుతూ, పాత వంతెనలను, సొరంగాలను పిల్లలకు చూపిస్తూ సెలవు దినం గడపడం అక్కడి కుటుంబాలకు అలవాటు. పిల్లలు ఉద్యోగరీత్యా ఆ దేశంలో ఉన్న కుటుంబాలు మన పాఠకులలోనూ ఉన్నాయి. వారిని చూడబోయే తల్లిదండ్రులకు ఈ నెల ముచ్చట ఉపకరిస్తుంది. ఎక్కడికీ వెళ్ళని వారికి కూడా ఇందులో ఆలోచించదగిన విషయం ఒకటి ఉన్నది.

1963 మార్చి 27న బ్రిటిష్ రైల్వే బోర్డు అధ్యక్షుడు రిచర్డ్ బీచింగ్ నివేదిక వెలువడింది. కార్లు, లారీలు పెరిగి రైల్వేలు నష్టాలలో కూరుకుపోయిన రోజులవి. 2,363 స్టేషన్లను, సుమారు 8,000 కిలోమీటర్ల మార్గాన్ని మూసివేయాలని ఆ నివేదిక సూచించింది. అంతకు మునుపే కొన్ని మార్గాలు మూతపడి ఉన్నాయి. ఆ పిదప మరెన్నో మూతపడ్డాయి. ఆ నిర్ణయం సమంజసమా కాదా అనే వాదం అక్కడ నేటికీ సాగుతూనే ఉన్నది. మనకు కావలసింది ఆ తరువాతి సంగతి. పట్టాలు తీసివేసిన నేలను తెగకుండా ఒక్కటిగా కాపాడాలన్న తలంపు ఆనాడు పెద్దగా లేకపోయింది. కొంత నేలను పక్క పొలం రైతు కొన్నాడు, కొంత ఇళ్ళు కట్టేవారు కొన్నారు, కొన్నిచోట్ల వంతెనలను కూల్చివేశారు.

మన పల్లెలలో అన్నదమ్ముల పంపకాలను చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. పదెకరాలు నాలుగు భాగాలైనప్పుడు బండిదారికి చోటు విడువకపోతే, చివరి భాగం దక్కినవాడు తన పంటను ఇల్లు చేర్చడానికి ప్రతి ఏడూ ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసి వస్తుంది. ఆ బండిదారి ఆక్రమించే నేల బహు స్వల్పం. అయినా అది తెగితే మొత్తం పొలం విలువే పడిపోతుంది. రైలుదారి సంగతీ అంతే. నూరు కిలోమీటర్ల మార్గంలో ఒక్క వంతెన లేకపోయినా, ఒక్క ఫర్లాంగు నేలలో ఇళ్ళు లేచినా, అది ఇక దారిగా మిగలదు. రెండు ముక్కల నేల మాత్రమే మిగులుతుంది.

ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో బ్రిస్టల్ నగరానికి చెందిన కొందరు సామాన్య పౌరులున్నారు. బ్రిస్టల్, బాత్ నగరాల నడుమ ఉన్న ఒక పాత మార్గంలో 1966లో ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. 1977లో సైకిళ్ళ వాడకాన్ని కోరేవారు కొందరు సైకిల్‌బ్యాగ్ అనే చిన్న సంఘంగా ఏర్పడ్డారు. 1979లో వారు పారలు, గడ్డపారలు పట్టుకొని ఆ పాత మార్గం మీద బాట వేయసాగారు. స్వచ్ఛంద శ్రామికులు తుప్పలు నరికి, నేల చదును చేసి, ముక్క వెనుక ముక్కగా 1986 నాటికి సుమారు 21 కిలోమీటర్ల బాటను పూర్తి చేశారు. ఆ చిన్న సంఘమే తరువాత సస్ట్రాన్స్ పేరిట దేశమంతటా సైకిలు మార్గాలను కలిపే సంస్థగా ఎదిగింది.

ఈ బాటపై మా మేనల్లుడి కుటుంబంతో కలిసి మేము ఒక పూట ప్రయాణించాము. యాభై దాటిన మా మోకాళ్ళకు సైకిలంటే మొదట జంకు కలిగిన మాట వాస్తవం. కొంత దూరం సాగిన పిమ్మట మేనల్లుడి చిన్నకూతురు, “అబ్బా, ఇంత దూరం వచ్చాము కదా, ఎత్తు ఎక్కడా రాలేదేమి?” అని అడిగింది. అతడు మా వైపు తిరిగి, “మామూ, పాఠం చెప్పేది మీరు. మీరే చెప్పండి” అని నవ్వాడు.

జవాబు సులభమే. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం నునుపుగా దొర్లుతుంది. బరువు లాగడానికి అది ఎంతో మేలు. కానీ ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు అదే నునుపు శత్రువవుతుంది, చక్రం జారుతుంది. అందువల్ల నూరు అడుగులు సాగితే ఒక అడుగు ఎక్కడమే రైలుకు గట్టి వాలు. యాభైకి ఒకటి అంటే ఇంజను ఆయాసపడవలసిందే. మలుపు కూడా విశాలంగా ఉండాలి. కనుక ఇంజనీర్లు మిట్టను తవ్వి గండి చేశారు, పల్లంలో మట్టి పోసి కట్ట వేశారు, అప్పటికీ తప్పని చోట సొరంగం తొలిచారు. ఆనాడు ఇంజను కోసం చేసిన ఆ ఉపకారం నేడు తొమ్మిదేళ్ళ పాపకు, ఆయాసపడే పెద్దవారికి అందుతున్నది.

ఇది తెలిసిన తరువాత దారిని చూసే చూపు మారుతుంది. ఇరువైపులా నేల ఎత్తుగా ఉండి మనం లోతులో సాగుతుంటే అది తవ్విన గండి. చెట్ల కొనలు మన కాళ్ళకు సమంగా కనిపిస్తే మనం కట్టమీద ఉన్నట్లు. పల్లె దారిలో ఏ వాగూ లేనిచోట ఇటుక కమాను వంతెన నిలిచివుంటే, దాని కింద ఒకప్పుడు రైలు నడిచిందని పోల్చుకోవచ్చు. గడ్డిలో పొడవాటి రాతి అంచు కనబడితే అది ప్లాట్‌ఫారం కావచ్చు. ఆ దేశపు ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలలో పట్టాలు తీసివేసిన మార్గాలను ప్రత్యేకంగా గుర్తించి చూపుతారు. పటం చేతబట్టి, ఆ గీత ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో వెదకడం పిల్లలకు చరిత్ర, భూగోళం రెండింటినీ ఒకేసారి నేర్పుతుంది. బ్రిస్టల్–బాత్ బాటలో బిట్టన్ అనే చోట పాత స్టేషనును అభిరుచిగలవారు నిలబెట్టుకొని, కొద్ది దూరం రైళ్ళు నడుపుతున్నారు. సైకిలు బాట పక్కనే ఆవిరి ఇంజను పోవడం చూసి మా చిన్నారి సైకిలు దిగి చేయి ఊపింది.

బాత్ నగరానికి దక్షిణాన రెండు సొరంగాల బాట ఒకటున్నది. సోమర్‌సెట్ అండ్ డార్సెట్ మార్గం 1966లో మూతపడగా, 2013 ఏప్రిల్‌లో అది సైకిళ్ళకు, పాదచారులకు తెరువబడింది. అందులో కూమ్ డౌన్ సొరంగం పొడవు 1,672 మీటర్లు. అది ఒంటి పట్టాల ఇరుకు సొరంగం. నడుమ గాలి వచ్చే బిలం లేదు. 1929 నవంబరులో ఒక గూడ్సు బండి అందులో మెల్లగా ఎక్కుతుండగా ఇంజను సిబ్బంది పొగకు స్పృహ తప్పారు. అవతలి పల్లంలో అదుపు లేకుండా దొర్లిన ఆ బండి బాత్ గూడ్సు యార్డులో బోల్తాపడి ముగ్గురు మరణించారు. నేడు దీపాల వెలుగులో పిల్లలు కేకలు వేసి ప్రతిధ్వని వింటూ పోయే చోట, ఒకప్పుడు కూలి కోసం ఊపిరి బిగబట్టి పనిచేసినవారు ఉండిరని వారికి చెప్పడం పెద్దల విధి.

డెర్బీషైర్ కొండలలోని మోన్సల్ బాట చరిత్ర మరొక రకం. ఆ లోయలో రైలు వేసినప్పుడు ప్రకృతి సౌందర్యం నశించిందని ప్రసిద్ధ రచయిత జాన్ రస్కిన్ తీవ్రంగా నిరసించాడు. 1968లో రైలు ఆగింది. 1980లో ఆ మార్గం జాతీయ వనం అధీనంలోకి వచ్చింది. కానీ భద్రత దృష్ట్యా పెద్ద సొరంగాలను మూసి ఉంచారు. నడిచేవారు చుట్టుదారులు పట్టవలసి వచ్చేది. 2011 మేలో ఆ సొరంగాలు తెరుచుకొన్న తరువాతనే సుమారు 14 కిలోమీటర్లు ఏకధారగా సైకిలు తొక్కడం సాధ్యమైంది. రస్కిన్ నిరసించిన ఆ రైలుమార్గపు వంతెన నేడు చట్టరక్షణ గల కట్టడం.

ఈ మూడు బాటలూ దక్కినవి. దక్కనివి, కష్టంతో దక్కినవి కూడా ఉన్నాయి. స్కాట్లండ్‌లో 1969లో మూసివేసిన ఒక మార్గంలో ఎడిన్‌బరో నుండి ట్వీడ్‌బ్యాంక్ వరకు 2015లో రైలు తిరిగి వచ్చింది. ఈ లోగా ఎడిన్‌బరో బైపాస్ రహదారి ఆ దారిని అడ్డంగా కోసింది; కొన్నిచోట్ల ఇళ్ళు లేచాయి. వాటినన్నిటినీ దాటుకొని దారిని మళ్ళీ అతకవలసి వచ్చింది. కంబ్రియాలోని గ్రేట్ మస్‌గ్రేవ్ అనే పల్లెలో 1862 నాటి వంతెన కింది ఖాళీని భద్రత పేరిట 2021లో కాంక్రీటుతో పూడ్చివేశారు. ప్రజలు తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. 2022లో స్థానిక పాలకమండలి ఆ పనికి అనుమతి నిరాకరించింది. 2023లో పూడ్చిన దానిని తవ్వి తీశారు. పూడ్చడానికి ఒకసారి, తీయడానికి మరొకసారి ప్రజాధనమే ఖర్చయింది.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. సైకిలు బాట ముఖ్యమా, రైలు ముఖ్యమా? మా దృష్టిలో ఈ రెండింటికీ వైరం లేదు. అమెరికాలో 1983లో చేసిన చట్టసవరణ ఇందుకు చక్కని దారి చూపింది. రైలు ఆగిన మార్గాన్ని తాత్కాలికంగా ప్రజల బాటగా వాడుకోవచ్చు. రేపు అవసరమైతే అక్కడ మళ్ళీ రైలు వేయవచ్చు. అంతవరకు ఆ మార్గం చట్టం దృష్టిలో రద్దు కాలేదు. నేలను అమానతుగా దాచి ఉంచడం అంటే ఇదే. సైకిలు నడిచినంత కాలం దారి తెగదు, తెగనంత కాలం దాని మేలు ఏ తరానికైనా అందుతుంది.

మన గడ్డపైనా ఇటువంటి దారులున్నాయి. నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమల అడవిలో మీటర్‌గేజి కాలపు దొరబావి వంతెన, బొగద సొరంగం గల పాత మార్గాన్ని బ్రాడ్‌గేజి వచ్చాక విడిచిపెట్టారు. ఈ మాట చదివి యువకులు సైకిళ్ళు తీసుకొని అక్కడికి బయలుదేరవద్దని మనవి. అది పులులు తిరిగే అడవి. అటవీశాఖ అనుమతి లేనిదే పోరాదు. రైళ్ళు నడవకపోయినా రైల్వే స్థలం రైల్వే స్థలమే. అనుమతి లేని ప్రవేశం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం. బ్రిటన్‌లో కూడా బాటగా తెరిచిన మార్గాలలోనే తిరగాలి. మూసిన సొరంగపు కంచెను దాటడం సాహసం అనిపించుకోదు.

బాటపై మర్యాద కూడా చెప్పుకోవాలి. అది నడిచేవారితో పంచుకొనే దారి. ఎడమవైపున సాగండి. బిడ్డను బండిలో తోసుకొనిపోయే తల్లి, చేతికర్ర పట్టిన వృద్ధుడు కనిపిస్తే ముందుగా గంట మోగించి, వేగం తగ్గించి దాటండి. సొరంగంలోకి పోయేటప్పుడు ముందు, వెనుక దీపాలు, ఒంటిపై ఉన్ని వస్త్రం తప్పనిసరి. బయట ఎండ ఉన్నా లోపల చల్లగా ఉంటుంది.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక పని అప్పగించి ఈ నెల ముచ్చట ముగిస్తాము. మీ ఊరిలో గేజి మార్పిడికి ముందు రైలు ఏ దారిన పోయేదో, స్టేషను ఎక్కడ ఉండేదో, పాత బండిదారి ఏ చెరువు కట్ట మీదుగా సాగేదో పెద్దలను అడగమని పిల్లలకు చెప్పండి. వారు విన్నదానిని కాగితంపై గీయించండి. ఆ గీతలో ఎక్కడెక్కడ దారి తెగిందో, ఎవరు తెంచారో, ఇంకా తెగని ముక్కలు ఎన్ని మిగిలాయో గుర్తింపజేయండి. మిగిలిన ముక్కలను రేపు పంచాయతీలో ఎవరైనా అమ్మజూపినప్పుడు, ఆ కాగితం చేతబట్టుకొని లేచి మాట్లాడగలవారు ఊరికి ఒక్కరైనా ఉండాలి.