61 దగ్గర ఆగిపోయిన పని



ఈ నెల మేము వ్రాయదలచినది కంప్యూటరు సంగతి. పల్లెటూరి కుటుంబములకు కంప్యూటరుతో ఏమి పని అని కొందరు అనుకొనవచ్చును. అయితే డిగ్రీ చదివే పిల్లలున్న ఇంటిలో ఒక పాత ల్యాప్‌టాప్ అయినా ఉన్నది. మీసేవలో ఉన్నది, బ్యాంకులో ఉన్నది, సంఘపు ఆఫీసులో ఉన్నది. అది మొరాయిస్తే ఆగిపోయేది మన పనే. గనుక మెదక్ పట్టణములోని మా సంఘపు ఆఫీసులో జరిగినదానిని ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నాము. ఇందులో పొరపాటు ఎక్కువగా మాదే.

మా ఆఫీసు కంప్యూటరు ఒక సహోదరుడు హైదరాబాదులో తాను వాడుకొని, తర్వాత సంఘమునకు ఇచ్చినది. అందులో విండోస్ 10 ఉన్నది. బాప్తిస్మపు రిజిస్టరు, పెండ్లి రిజిస్టరు పేర్లు, సండే స్కూలు హాజరు, చందాల లెక్కలు, క్రిస్మస్ కార్యక్రమముల ఫోటోలు, పాటల రికార్డులు అన్నీ అందులోనే. 2024 డిసెంబరు 25న మెదక్ పెద్ద చర్చికి నూరేండ్లు నిండినప్పుడు మా యవనస్తులు తీసిన వందలాది ఫోటోలు, వీడియోలు కూడ అందులోనే పోశాము.

2025 వర్షాకాలములో సంగతి మొదలైనది. అప్‌డేట్ సిద్ధముగా ఉన్నదని తెర మీద మాట వచ్చినది. నొక్కాము. కంప్యూటరు తనంతట తాను ఆగి, మరల వెలిగి, శాతములు లెక్కించుట మొదలుపెట్టినది. 30 అన్నది, 45 అన్నది, 61 అన్నది. అక్కడ గంటసేపు కదలలేదు. తర్వాత మార్పులను వెనుకకు తీసుకొనుచున్నాము, కంప్యూటరును ఆపవద్దు అన్నది. తెల్లవారి చూస్తే ఎక్కడి గొంగళి అక్కడనే. మరల అదే మాట, అప్‌డేట్ సిద్ధముగా ఉన్నదని.

ఇట్లు ఐదు వారములలో ఏడుసార్లు నొక్కాము. ప్రతిసారి 61 దగ్గరకే వచ్చి వెనుకకు పోయినది. మా సెక్రటరీ గారు వ్యవసాయదారుడు. ఆయన చూచి, “అయ్యగారూ, ఇది మా బావి మోటరు లెక్కనే ఉన్నది. స్విచ్చి వేస్తే మోత వస్తది, నీళ్లు రావు” అన్నారు. మైక్రోసాఫ్ట్ సంస్థకు 2014 ఫిబ్రవరిలో అధిపతి అయిన సత్య నాదెళ్ల గారు హైదరాబాదులో పుట్టినవారేనని మేము చెప్పగా, “మనోడే గద, ఒక ఉత్తరం రాద్దామా?” అని నవ్వించారు.

నవ్వు ఎక్కువ రోజులు నిలువలేదు. పాపన్నపేట దిక్కు పల్లె నుండి ఒక తండ్రి తన బిడ్డ పెండ్లి సర్టిఫికెట్టు కొరకు కూలి పని మానుకొని బస్సెక్కి వచ్చాడు. అదే ఉదయము కంప్యూటరు మార్పులను వెనుకకు తీసుకొనుచున్నది. రెండు గంటలు ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. చివరకు ఇనుపపెట్టె తెరచి, పాత కాగితపు రిజిస్టరు తీసి, చేతితో వ్రాసి, ముద్ర వేసి ఇచ్చాము. మొదటనే ఆ పని చేసియుంటే ఆయనకు సగము రోజు మిగిలేది.

ఆ మధ్యాహ్నమే కంప్యూటరును బాగుచేయువారిని పిలిచాము. ఆయన రెండు నిమిషములు చూచి, “ఫార్మాట్ కొడదాం సార్, గంటలో అయితది. విండోస్ కూడ పైసలు లేకుండనే ఎక్కిస్త” అన్నాడు. ఫార్మాట్ అంటే లోపలిదంతా తుడిచివేసి కొత్తగా మొదలుపెట్టుట. మేము విసిగియున్నాము గనుక సరే అనబోయాము.

అప్పుడు స్త్రీల మైత్రిలోని ఒక సహోదరి అక్కడ పూలకుండీలు తుడుచుచున్నది. ఆమె చీపురు పక్కన పెట్టి వచ్చి, “అయ్యగారూ, మా ఆయన పాడిన పాటలు గందులనే ఉన్నయట గద?” అని అడిగినది. ఆమె భర్త మా సంఘములో డోలకు వాయించి పాటలు నడిపించేవాడు. 2021లో కరోనా రెండవసారి వచ్చినప్పుడు చనిపోయాడు. 2019 క్రిస్మస్ నాడు ఆయన పాడిన రెండు పాటలు మా కంప్యూటరులో తప్ప మరెక్కడను లేవు. ఆ మాట మాకు జ్ఞాపకము లేదు. ఆమెకు ఉన్నది.

బాగుచేయువానిని పంపివేసి, బీకాం చదివే మా యవనస్తుని పిలిచాము. “మొదలు కాపీ తీద్దాం అయ్యగారూ. ఏది చేసినా దాని తర్వాతనే” అన్నాడు. సంఘ పెద్దలతో మాట్లాడి బయట తగిలించే హార్డ్ డిస్కు ఒకటి కొన్నాము. అతడు చూపగా తెలిసినది, విండోస్ ఉండే సి డ్రైవులో ఒక జీబీ కూడ ఖాళీ లేదు. నూరేండ్ల పండుగ ఫోటోలన్నీ తెర మీదనే పెట్టియున్నాము. తెర మీద పెట్టినది సి డ్రైవులోనే చేరునని మాకు తెలియదు. ధాన్యము నింపిన గదిలో మంచము వేయమన్నట్లు ఉన్నది మేము చేసిన పని.

అంతటితో కాలేదు. కాపీ తీయుచుండగా కొన్ని ఫైళ్ల దగ్గర కంప్యూటరు బిగుసుకొనిపోయినది. లోపల నుండి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చినది. పిల్లవాని ముఖము మారినది. “డిస్కే పాడైతున్నది అయ్యగారూ. చోటు లేకపోవుడు ఒకటి, ఇది ఒకటి. అందుకే అప్‌డేట్ మధ్యల పడిపోతున్నది” అన్నాడు. ఏడుసార్లు ఆ కంప్యూటరు తనకు బాగులేదనే చెప్పుచున్నది. మేము ఏడుసార్లు దానిని లేపి పరుగెత్తించాము.

రెండు రాత్రులు కూర్చుండి అతడు తీయగలిగినంత తీశాడు. రిజిస్టర్ల పేర్లు వచ్చినవి, లెక్కలు వచ్చినవి, ఫోటోలు చాలమట్టుకు వచ్చినవి. ఆ సహోదరుని పాటలలో ఒకటి పూర్తిగా వచ్చినది. రెండవది రెండవ చరణము మధ్యలో తెగిపోయినది. మేమే ఆమె ఇంటికి వెళ్లి చెప్పాము. ఐదు వారములు ముందుగా కాపీ తీసియుంటే రెండవది కూడ దక్కియుండవచ్చునని దాచకుండ చెప్పాము. ఆమె మనుమరాలి ఫోనులో మొదటి పాట పెట్టి విన్నది. “ఒకటి దక్కింది గద అయ్యగారూ” అన్నది. మేము తల ఎత్తలేకపోయాము.

తర్వాత పాత డిస్కు తీసివేసి కొత్త ఎస్ఎస్‌డీ వేయించాము. పైసలు లేని విండోస్ వద్దని, లైసెన్సు ఉన్నదే ఎక్కించాము. అట్టి దొంగ విండోసును నడిపించుటకు వాడే కిటుకులలో కొన్ని అప్‌డేట్లను రాకుండ చేయును, కొన్ని వైరసును వెంటబెట్టుకొని వచ్చును. అది చట్టమునకు విరోధమని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రాత్రి అప్‌డేట్ నొక్కాము. గంటలోపే 100 అన్నది.

అసలు ఈ అప్‌డేట్ల పీడ ఎందుకు, రాకుండ ఆపివేస్తే పోదా అని మమ్మును అడిగినవారున్నారు. 2017 మే నెల 12న వాన్నాక్రై అనే వైరసు 150 దేశములకు పైగా ప్రాకినది. కంప్యూటరులోని ఫైళ్లకు తాళము వేసి, విప్పుటకు డబ్బు అడిగినది. ఇంగ్లాండు దేశపు ప్రభుత్వ ఆసుపత్రులలో చికిత్సలు ఆగినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడ దెబ్బతిన్నవి. అయితే ఆ వైరసు దూరిన కన్నమును మూసివేసే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ వారు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేశారు. వేసుకొన్నవారు తప్పించుకొన్నారు. అప్‌డేట్ అంటే వానకు ముందు పైకప్పు పెంకులు సర్దుకొనుట వంటిది.

అయితే ప్రతిసారి తప్పు మనదే అనుకొనరాదు. 2024 జనవరి 9న వచ్చిన కేబీ 5034441 అనే అప్‌డేట్ లోకమంతట అనేక విండోస్ 10 కంప్యూటర్లలో మరల మరల విఫలమైనది. కంప్యూటరు చెడితే లేపుటకు డిస్కులో వేరుగా ఒక చిన్న గది వంటి భాగము ఉండును. ఆ భాగములో చోటు చాలని కంప్యూటర్లలో ఆ అప్‌డేట్ ఎక్కలేదు. చివర 70643 అని ఉండే తప్పు సంఖ్య మాత్రము కనబడినది. ఆ గదిని 250 ఎంబీ పెంచుకొనుమని సంస్థవారు చెప్పిన విధానము సామాన్యులకు చేతకానిది. నొక్కినవారు నొక్కుచునే ఉన్నారు.

ఇక 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పు అప్‌డేట్ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయినవి. ఆ రోజు హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. మా ఇనుపపెట్టెలోని రిజిస్టరు గుర్తుకు వచ్చినది. ఎంత గొప్ప విమానాశ్రయమైనను కలము కాగితము పారవేయరాదు.

చదువరుల ఇండ్లలో అప్‌డేట్ ఎక్కక ఆగిపోవుచున్నట్లయితే ఈ క్రమములో చూడవలెను.

1. మొదట కాపీ. ఫోటోలు, మార్కుల మెమోలు, భూమి కాగితముల నకళ్లు, చనిపోయినవారి గొంతులు, ఏవి పోతే తిరిగి రావో వాటిని పెన్‌డ్రైవులోనో వేరొక డిస్కులోనో పెట్టుకొనవలెను. ఇది చేయక ఎవరు చెప్పినను ఫార్మాటుకు ఒప్పుకొనవద్దు.

2. సి డ్రైవులో చోటు చూడవలెను. 20 జీబీలైనా ఖాళీ ఉండుట మంచిది. తప్పు సంఖ్య చివర 70070 అని ఉంటే చోటు చాలలేదని అర్థము. తెర మీది ఫోటోలను, వీడియోలను వేరు డ్రైవుకు మార్చవలెను.

3. తేదీ, గంట చూడవలెను. పాత కంప్యూటరులో రూపాయి బిళ్ల వంటి చిన్న బ్యాటరీ ఉండును. అది అయిపోతే కంప్యూటరు తేదీ ఎన్నో ఏండ్ల వెనుకకు పోవును. తేదీ తప్పైతే అప్‌డేట్ పంపే చోటుతో సంబంధమే కుదరదు. ఆ బ్యాటరీ ఖరీదు కొద్దిపాటిదే.

4. ఫోను హాట్‌స్పాట్ మీద పెద్ద అప్‌డేట్ దించవద్దు. రోజుకు 1.5 జీబీ వచ్చే ప్యాకు మధ్యలోనే అయిపోవును. పట్టణములో వైఫై ఉన్న బంధువుల ఇంటిలో ఒక రాత్రి పెట్టుకొనుట మేలు.

5. కరెంటు పోయే వేళ చేయవద్దు. యూపీఎస్ లేని కంప్యూటరులో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు చెడును. ల్యాప్‌టాప్ అయితే చార్జరు తగిలించియే చేయవలెను. ప్రింటరు, పెన్‌డ్రైవు వంటివి తీసివేయవలెను.

6. ఇవన్నీ చూచినను రెండుసార్లు తప్పితే మూడవసారి నొక్కవద్దు. డిస్కు ఆరోగ్యమును పరీక్ష చేయించవలెను. చప్పుడు వచ్చినా, ఫైలు తెరచుటకు ఆలస్యమైనా వెంటనే కాపీ తీయవలెను.

మరియొక మాట. విండోస్ 10 కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. కంప్యూటరు ఆగిపోదు గాని కన్నములు మూసేవారు ఉండరు. ఇండ్లలో వాడేవారు నమోదు చేసుకొంటే మరియొక ఏడాది, అనగా 2026 అక్టోబరు 13 వరకు, ఇచ్చెదమని సంస్థవారు ప్రకటించారు. విండోస్ 11 ఎక్కించవలెనంటే 4 జీబీ ర్యాము, 64 జీబీ చోటు, టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగము, వారి జాబితాలో ఉన్న ప్రాసెసరు కావలెను. మా కంప్యూటరుకు ఆ అర్హత లేదు. గనుక దానికి ఇంటర్నెట్ తీసివేసి, టైపు చేయుటకు, ప్రింటు తీయుటకు మాత్రమే వాడుచున్నాము. ఎక్కని దానిని బలవంతముగా ఎక్కించుట మానుకొన్నాము.

ఇంటింటికి తిరిగే పనిలో మేము ఇటువంటిదే చూచుచుందుము. గణితములో మూడుసార్లు తప్పిన పిల్లవానితో మరల చదువు, మరల వ్రాయి అందుము. బోర్డు మీది అక్షరము వానికి కనబడుచున్నదా అని అడుగుటకు ఎవరికిని తోచదు. మరల అనే మాట చెప్పుట సులభము. ఎందుకు అని అడుగుటకు పక్కన కొంతసేపు కూర్చుండవలెను.

ఇప్పుడు మా ఆఫీసులో ప్రతి నెల మొదటి శనివారము కాపీ తీయు దినము. కాపీ డిస్కు ఇనుపపెట్టెలో రిజిస్టర్ల పక్కన ఉండును. ఆ పాట మూడు ఇండ్లలో మూడు ఫోనులలో ఉన్నది. తెగిపోయిన రెండవ పాటను ఆయనతో కలిసి పాడినవారు మొన్న కూర్చుండి, తమకు జ్ఞాపకమున్న చరణములను ఒక నోటుపుస్తకములో వ్రాసిపెట్టారు. రాగము మాత్రము ఆ సహోదరియే సరిచేసినది.

వచ్చే నెల మరియొక సంగతితో కలిసికొందము.